ర్యాప్‌లోకి గిటారు ఎక్కడ దిగాలి?

విజయవాడలో, గుంటూరులో సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా ర్యాప్ చేసుకునే కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా జట్టు కడుతున్నారు. ఇలాంటి జట్టులో తరచుగా ఒకడు ఎనభైల, తొంభైల నాటి న్యూయార్క్ ర్యాప్ వింటూ మాట సానబెట్టుకున్నవాడు, రెండోవాడు చర్చిలోనో కాలేజీ బ్యాండులోనో గిటారు పట్టినవాడు. ఇద్దరి ఇష్టాలూ ఒకే పాటలో ఉండాలని కూర్చుంటారు. మిక్సింగ్‌కి (విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను ఒకే పాటగా కలిపే పనికి) నా దగ్గరికి వచ్చే ఇలాంటి జంటల తొలి పాటలు దాదాపు ఒకే తీరుగా దెబ్బతింటాయి. బీటు విడిగా వింటే బాగుంటుంది. గిటారు విడిగా బాగుంటుంది. మాటలు కాగితం మీద బాగుంటాయి. మూడూ కలిపి వదిలితే మాట వినపడదు, బీటుకి తల ఊగదు, గిటారు రొదలా మిగిలిపోతుంది.

ఇంకా చెయ్యి తిరగలేదు కాబట్టి ఇలా అయిందని వాళ్లు అనుకుంటారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు. రాక్‌కీ ర్యాప్‌కీ కాలాన్ని పంచుకునే పద్ధతి వేరు, శబ్దంలో చోటు పంచుకునే పద్ధతి వేరు. పైగా మనవాళ్లు పాడేది తెలుగులో. తెలుగు వాక్యం నడక ఆ రెంటికీ కొత్తది. ఈ మూడు ముళ్లూ విప్పుకుంటే తప్ప పాట కుదరదు. ముందే చెప్పేస్తాను: ర్యాప్‌లోకి గిటారు రాగంలా కాక డ్రమ్ములా దిగాలి. తెలుగు ర్యాప్‌లో అయితే ప్రాస పడే చోట దిగాలి.

రాక్ మొదట ఇచ్చింది డ్రమ్ము

ర్యాప్‌కి రాక్ గిటారు తర్వాతెప్పుడో అతికించారని చాలామంది అనుకుంటారు. హిప్‌హాప్ పుట్టుకగా చెప్పుకునే 1973 ఆగస్టు 11 నాటి బ్రాంక్స్ పార్టీ నుంచి చూస్తే వరస వేరుగా కనిపిస్తుంది. డీజే కూల్ హెర్క్ చేసిన పని ఇది: పాటలో గొంతులూ వాద్యాలూ ఆగి డ్రమ్ములు మాత్రం మోగే నాలుగైదు సెకన్ల ముక్కను పట్టుకుని, అదే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పడం. ఆ ముక్క ఎక్కడ దొరికినా డీజేలు తీసుకున్నారు. ఫంక్ రికార్డుల్లో దొరికింది, రాక్ రికార్డుల్లోనూ దొరికింది. రాక్ గాయకుడు బిల్లీ స్క్వైర్ 1980లో విడుదల చేసిన 'ద బిగ్ బీట్' మొదట్లో వచ్చే బరువైన డ్రమ్ము ఎన్ని ర్యాప్ పాటలకు పునాది అయిందో లెక్క తేలదు. అంటే ర్యాప్ రాక్ దగ్గర మొదట తీసుకున్నది డ్రమ్ము. గిటారు తర్వాత వచ్చింది.

1986లో ర్యాప్ బృందం రన్ డీఎంసీ, రాక్ బ్యాండు ఏరోస్మిత్ కలిసి చేసిన 'వాక్ దిస్ వే' కథ కూడా ఇదే చెబుతుంది. అది ఏరోస్మిత్ 1975 నాటి పాట. రన్ డీఎంసీ కుర్రాళ్లకి ఆ రికార్డు ముందే తెలుసు, కానీ తెలిసింది మొదట్లో వచ్చే డ్రమ్ము ముక్క మాత్రమే. గొంతు మొదలయ్యేలోపే డీజే వెనక్కి తిప్పేసేవాడు. పాట మొత్తం పాడమని నిర్మాత రిక్ రూబిన్ అడిగినప్పుడు వాళ్లకి ఇష్టం లేదు. చివరికి ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో నాలుగో స్థానానికి వెళ్లింది. దానికి రెండేళ్ల ముందే, 1984లో, రన్ డీఎంసీ 'రాక్ బాక్స్' అనే పాటలో ఎడ్డీ మార్టినెజ్ చేత గిటారు వాయింపించింది. ఆ పాట కింద ఉన్నది డ్రమ్ మెషీను, దాని దెబ్బల మధ్య బోలెడు ఖాళీ. గిటారు ఆ ఖాళీలో పలికి తప్పుకుంటుంది. ఈ రెండు పాటల్లో నేర్చుకోవడానికి ఎక్కువ ఉన్నది 'రాక్ బాక్స్'లోనే అని నా అభిప్రాయం.

బీస్టీ బాయ్స్ రాక్ వైపు నుంచి వచ్చారు. మొదట హార్డ్‌కోర్ పంక్ బ్యాండు, తర్వాత ర్యాప్. 1986 చివర్లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ మరుసటి ఏడాది బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. ర్యాప్ ఆల్బమ్‌కి ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. 1992లో రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ అనే బ్యాండు తన తొలి ఆల్బమ్ అట్ట మీద, ఇందులో శాంపిళ్లు (వేరే రికార్డుల నుంచి కోసిన ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని రాసుకుంది. వింటే మాత్రం గిటారిస్టు టామ్ మొరెలో డీజే చేసే పనులన్నీ తీగల మీద చేస్తాడు: పికప్ మీటను టకటకా ఇటూ అటూ తిప్పి శబ్దాన్ని తుంచుతాడు, తీగలను రుద్ది రికార్డు గీకిన చప్పుడు పుట్టిస్తాడు. అక్కడ గిటారు, డీజే రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ పని చేసింది.

మన ఇంజనీరింగ్ హాస్టళ్లకి ఈ కలయిక చేరింది ఎక్కువగా లింకిన్ పార్క్ బ్యాండు ద్వారా, 2000లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌తో. అందుకే మన కుర్రాళ్ల చెవిలో ర్యాప్-రాక్ అంటే పల్లవిలో గిటార్ల ఉప్పెన. ఆ ఉప్పెన వినిపిస్తుంది గానీ, ర్యాప్ సాగే చరణంలో అవే గిటార్లు ఎంత వెనక్కి తగ్గాయో చాలామంది గమనించరు.

పదహారు గళ్లు

ఇక కాలం లెక్క. పాత తరహా ర్యాప్ బీటు నిమిషానికి 85 నుంచి 95 దెబ్బల మధ్య నడుస్తుంది. 90 అనుకుందాం. ఒక బార్‌కి (తాళంలో ఒక చుట్టుకి) నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు భాగాలు, మొత్తం 16 గళ్లు. ఒక్కో గడి సెకనులో ఆరో వంతు, బార్ మొత్తం సుమారు 2.67 సెకన్లు. స్నేర్ అనే పదునైన డ్రమ్ము రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడుతుంది. కిక్ అనే బరువైన కింది డ్రమ్ము మొదటి దెబ్బను పట్టుకుని, మిగతా చోట్ల తన ఇష్టం.

ఈ గళ్లు సమానంగా ఉంటే బీటు యంత్రంలా వినిపిస్తుంది. తల ఊగాలంటే ప్రతి జంటలోనూ రెండో గడి పిసరంత ఆలస్యంగా పడాలి. దీన్నే స్వింగ్ అంటారు. రోజర్ లిన్ రూపకల్పనలో అకాయ్ కంపెనీ 1988లో తెచ్చిన ఎంపీసీ 60 లాంటి బీటు కట్టే యంత్రాల్లో దీన్ని శాతాల్లో పెట్టుకునే వీలుంది. 50 శాతం అంటే గళ్లు సమానం, మన చతురశ్రం (దెబ్బకి నాలుగు సమాన భాగాల నడక). 66 దాకా వెళితే నడక తిశ్రంలోకి (మూడు భాగాల నడకలోకి) జారిపోతుంది. పాత బీట్ల అందం ఈ రెంటి నడుమ ఉంది, ముఖ్యంగా 54 నుంచి 60 ప్రాంతంలో. చతురశ్రం కాదు, తిశ్రమూ కాదు. మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఈ సంగతి చెబితే వెంటనే చేత్తో వాయించి చూపిస్తారు.

రాక్ గిటారు ఇక్కడ తట్టుకుంటుంది. దెబ్బకి రెండు చొప్పున కిందికి మీటితే ప్రమాదం లేదు, ఎందుకంటే ఆలస్యమయ్యే గళ్ల జోలికి అది పోదు. మెటల్ పద్ధతిలో దెబ్బకి నాలుగు చొప్పున సమానంగా మీటుకుంటూ పోతే మాత్రం, ఆలస్యంగా పడే హై-హ్యాట్‌ తాళాలకీ గిటారుకీ మధ్య సెకనులో వందో వంతు నుంచి మూడు వందో వంతుల దాకా తేడా వస్తుంది. ఆ తేడా చెవికి తప్పులా అనిపించదు. బీటు నీరసంగా ఉందని మాత్రం అనిపిస్తుంది. అప్పుడు కుర్రాళ్లు డ్రమ్ము శబ్దం పెంచుతారు, తర్వాత గిటారు పెంచుతారు. ఎంత పెంచినా నీరసం పోదు.

దీనికి నేను నమ్మే మార్గం ఒకటి. గిటారిస్టు ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు వరస) వాయించి రికార్డు చేస్తాడు. దాన్ని పాట పొడవునా పరచకుండా, దెబ్బ దెబ్బకీ ముక్కలు కోసి శాంప్లర్ (శబ్దపు ముక్కలను దాచి వాయించే యంత్రం) ప్యాడ్ల మీద పెట్టుకుని వేళ్లతో మళ్లీ వాయించాలి. అప్పుడు గిటారు కూడా బీటుతోపాటు అదే స్వింగ్‌లో నడుస్తుంది. పాత రికార్డు నుంచి ముక్క కోసి వాడే పద్ధతే ఇది. తేడా అల్లా రికార్డు మనదే కావడం. ఇక్కడ పాత యంత్రాల పరిమితి కూడా పనికొస్తుంది. 1987లో వచ్చిన ఎస్‌పీ 1200 అనే శాంప్లర్ 12 బిట్ల మీద, 26.04 కిలోహెర్ట్జ్ వేగంతో, అంటే తక్కువ నాణ్యతతో, మొత్తం పది సెకన్ల శబ్దాన్నే దాచుకోగలిగేది. చోటు చాలక నిర్మాతలు 33 స్పీడు రికార్డును 45లో తిప్పి ఎక్కించి, లోపల కిందికి దించేవాళ్లు. ఆ గరుకుదనం అలా వచ్చింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో గిటారు ముక్కను కూడా 12 బిట్లకు దించితే డ్రమ్ము, గిటారు ఒకే రికార్డులోంచి వచ్చినట్టు అతుక్కుంటాయి.

చర్చి గిటారు గురించి ఇక్కడో మాట చెప్పాలి. మన రెండు జిల్లాల్లో గిటారు, డ్రమ్స్, ప్యాడ్స్ వాయించే మంచి చేతులు ఎన్నో చర్చిల్లోనే తయారయ్యాయి. వారం వారం జనం ముందు వాయించే అవకాశం మరెక్కడ దొరుకుతుంది? కాకపోతే అక్కడ గిటారు చేసే పని వందమంది గొంతులకి ఆసరా ఇవ్వడం, ఖాళీ లేకుండా కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) పరిచి ఉంచడం. ర్యాప్ దానికి తలకిందులు. ఆగడమే అక్కడ వాయిద్యం. చర్చి నుంచి వచ్చిన గిటారిస్టుకి రెండు చేతులూ తీగల మీద అదిమిపెట్టి మౌనంగా ఉండటం అలవాటు కావడానికి నెలలు పడుతుంది. అలవాటైతే మాత్రం అంత నికార్సైన లయ ఉన్నవాళ్లు దొరకరు.

మాట వినపడటం

మనిషి మాట స్పష్టంగా అర్థమవడానికి కావలసిన హల్లుల పదును ఎక్కువగా 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ (సెకనుకి వెయ్యి నుంచి నాలుగు వేల కంపనాల) మధ్య ఉంటుంది. డిస్టార్షన్ వేసిన గిటారు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. డిస్టార్షన్ అంటే అల శిఖరాలను నరికేయడమే. నరికిన చోట కొత్త ఉపస్వరాలు (ఓవర్‌టోన్లు) పుట్టి పైకి పాకుతాయి, మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దం ఒకే ఎత్తులో నిలుస్తుంది. కాబట్టి అది మాటకు అడ్డుగోడ అవుతుంది. పాడేవాడు పొడుగు స్వరంతో ఆ గోడను దాటగలడు. ర్యాపర్ దగ్గర పొడుగు స్వరాలు లేవు, సెకనుకి ఐదారు అక్షరాలున్నాయి.

మిక్సింగ్‌లో చేయగలిగింది చేస్తాం. గిటారును రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ తోసి, నడుమ గొంతును నిలబెడతాం. 100 హెర్ట్జ్ కింద గిటారును కోసేసి ఆ చోటు కిక్‌కి, బేస్‌కి ఇస్తాం. 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర గిటారుకి చిన్న గుంట తవ్వుతాం. ఇవన్నీ చికిత్సలు. అసలు ఆరోగ్యం వాయింపులోనే ఉండాలి: చరణంలో అరచేతి అంచు తీగల మీద ఆనించి అణిచిన దెబ్బలు, పల్లవిలో మాత్రమే చెయ్యి తీసేసి విడవడం.

డిస్టార్షన్ గిటారిస్టులు పూర్తి కార్డు వదిలేసి రెండు స్వరాల పవర్ కార్డు ఎందుకు పట్టుకుంటారో మన సంగీతం తెలిసినవాళ్లకి చెప్పడం సులువు. అందులో ఉన్నవి షడ్జమం, పంచమం. తంబురాలో వినిపించేవీ అవే. డిస్టార్షన్‌లో గాంధారం కలిపితే స్వరాల రాపిడికి బురద పుడుతుంది. గాంధారం తీసేస్తే శబ్దం శుభ్రపడటమే కాదు, మేజరా మైనరా (పెద్ద గాంధారమా చిన్న గాంధారమా) అన్న నిర్ణయం కూడా తెరిచే ఉంటుంది. ర్యాపర్ తన మాట యాసలోంచే ఏ స్వరం వైపైనా వాలవచ్చు. గిటారుని తంబురాలా శ్రుతికి ఆధారంగా, అదే సమయంలో డ్రమ్ములా లయకి ఆధారంగా వాడుకునే దారి ఇక్కడ దొరుకుతుంది.

తెలుగు వాక్యం తెచ్చే చిక్కు

ఇంగ్లిష్ ర్యాప్ నడకను మక్కీకి మక్కీ దించితే తెలుగు ఎందుకు వంకరగా వినిపిస్తుంది? ఇంగ్లిష్‌లో మాట ఊనికను బట్టి సాగుతుంది. ఊనిక లేని అక్షరాలను కుదించేసినా అర్థం చెడదు. తెలుగులో హ్రస్వదీర్ఘాలే అర్థం. 'పాలు'ను కుదిస్తే 'పలు' అవుతుంది. అమెరికన్ నడక కోసం దీర్ఘాలు మింగినవాడి తెలుగు పరాయి గొంతులా వినిపించడానికి మూలం ఇదే.

ఇంతకంటే పెద్ద చిక్కు చివరి ప్రాసది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. క్రియలన్నీ చూశాను, చేశాను, గెలిచాను, నిలిచాను అని ఒకే తోకతో ముగుస్తాయి. అంత్యప్రాస అడక్కుండానే దొరుకుతుంది. అడక్కుండా దొరికేదానికి చెవి విలువివ్వదు. పదహారు లైన్లు 'నేను' అని పలుకుతూ ముగిసే తెలుగు ర్యాప్‌లు ఎన్ని విన్నామో మనకి తెలుసు.

విరుగుడు మన ఛందస్సులోనే ఉంది. ప్రాసను లైను చివర నుంచి మొదటికి, రెండో అక్షరానికి జరపాలి. మాత్రల లెక్క కూడా అచ్చంగా సరిపోతుంది. లఘువుకి ఒక గడి, గురువుకి రెండు గళ్లు అనుకుంటే నాలుగు చతుర్మాత్రా గణాలు (నాలుగేసి మాత్రల గుంపులు) కలిసి సరిగ్గా ఒక బార్. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాతి విజయవాడ సింగ్ నగర్‌ని తలుచుకుని, ఉదాహరణ కోసం నేనే నాలుగు లైన్లు కడతాను:

కట్టకు ఈవల ఇళ్లే ఇళ్లు
మెట్టుకు మెట్టుకు బురదే గుర్తు
పట్టిన పాచిని కడిగిన చేతులు
చెట్టుకు చిక్కిన చీరే జెండా

ఒక్క లైను కూడా క్రియతో ముగియలేదు. చివరి అక్షరాలు కలవలేదు. అయినా నాలుగూ ఒకే తాడుకి కట్టినట్టు ఉంటాయి, ఎందుకంటే ప్రతి లైనులోనూ రెండో అక్షరంలో ఉన్న హల్లు 'ట్ట'. దీన్ని గళ్లలో పెట్టి చూడండి. 'కట్' కిక్ మీద పడి రెండు గళ్లు తీసుకుంటుంది. ఆ రెండో గడిలో నాలుక అంగిలికి అంటుకుని శబ్దం క్షణం ఆగుతుంది. మూడో గడిలో 'ట' విడుదలవుతుంది. ద్విత్వం అంటే ఇదే, ఒక ఆగడం, ఒక విడుదల. గిటారిస్టు ఇక్కడికి రావాలి. మూడో గడిలో అణిచిన పవర్ కార్డు ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ తప్పుకోవాలి. స్నేర్ ఐదో గడిలో దానికి జవాబిస్తుంది. అప్పుడు గిటారు మాటకు అడ్డు రాదు, మాటలోని హల్లుకే ఒళ్లు వస్తుంది. ఈ పద్ధతిలో కట్టిన పాటల్లో గిటారు శబ్దం తగ్గించమని నేను ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు.

యాస గురించి కూడా దాపరికం లేకుండా చెబుతాను. సినిమా ర్యాప్ విని విని మన కుర్రాళ్లు హైదరాబాద్ మాటను అరువు తెచ్చుకుంటున్నారు. కృష్ణా, గుంటూరు మాటలోని ఎట్టా, అట్టా, ఇట్టా అన్నవి చూడండి, ద్విత్వం వాటిలో పుట్టుకతోనే ఉంది. 'ఎలా' అన్నప్పుడు బీటు మీద పట్టు దొరకదు, 'ఎట్టా' అంటే దొరుకుతుంది. ఇంట్లో మాట్లాడే మాటే బీటుకి బాగా అతికేటప్పుడు అరువెందుకు?

ఇద్దరే ఎందుకు

90 వేగంలో 16 బార్ల చరణం సుమారు 43 సెకన్లు. స్టూడియోలో ముక్కలుగా పాడి అతికించవచ్చు. వేదిక మీద ఊపిరి ఒకటే. రన్ డీఎంసీలో ఒకరి లైను చివరి మాటను రెండోవాడు అందుకునేవాడు. 2013లో తొలి ఆల్బమ్‌ని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చిన రన్ ద జ్యూవెల్స్ జంట లైన్లను బంతిలా ఇచ్చి పుచ్చుకుంటుంది. ఢిల్లీ జంట సీధే మౌత్‌లోనూ ఇద్దరి గొంతులూ ఒకదాన్ని ఒకటి తరుముతాయి. ఇది అలంకారం కంటే ముందు అవసరం.

ఈ అవసరాన్ని మన నేల మీద పరిష్కరించినవాళ్లు బుర్రకథ వాళ్లు. ర్యాప్ బుర్రకథలోంచి పుట్టిందనే మాట నేను ఒప్పుకోను, ఆ రెంటి పుట్టుకలకీ ఏ సంబంధమూ లేదు. కానీ పనితనం పోల్చదగింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, బుర్రకథను లక్షల జనంలోకి తీసుకెళ్లి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ దళాన్ని తలుచుకోండి. నడుమ కథకుడు తంబుర మీటుతూ, వేలికి తొడిగిన అందెతో లయ వేస్తూ నడుస్తాడు. రెండు పక్కలా గుమ్మెటలనే డోళ్లతో వంతలు. లైను చివర వంతలు అందుకుంటే ఆ లోపు కథకుడికి ఊపిరి అందుతుంది. ఒక వంత హాస్యం, ఒక వంత రాజకీయం. అంటే పాత కథ నడుస్తుండగానే ఈనాటి సంగతి పక్కనుంచి దూరుతుంది. శ్రుతి వాద్యం పట్టుకున్నవాడే లయ కూడా వేయడం, పక్కవాడు జవాబివ్వడం, ఈ రెండూ గిటారు-ర్యాప్ జంటకి నేరుగా పనికొస్తాయి. గిటారిస్టు నోరు మూసుకుని వాయించనక్కర్లేదు. వంత పాడాలి.

హక్కులు, వేదిక

హక్కుల సంగతి క్లుప్తంగా. ఇతరుల రికార్డులోంచి ముక్క కోస్తే రెండు అనుమతులు కావాలి: రికార్డింగు యజమానిది ఒకటి, పాట రాసి స్వరపరిచినవాళ్లది ఒకటి. అమెరికాలో 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ పాట మీద వచ్చిన తీర్పు తర్వాత అనుమతి లేని శాంపిల్ ఖరీదైన వ్యవహారమైంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఐదేళ్లు దాటిన పాటకి రాయల్టీ కట్టి కవర్ చేసుకునే (మళ్లీ పాడి రికార్డు చేసుకునే) వీలు 2012 సవరణలో ఉన్నా, అందులో మాటా స్వరమూ మార్చకూడదు కాబట్టి ర్యాప్‌కి అది పనికిరాదు. సొంత గిటారును కోసుకుని వాడే జంటకి ఈ బాధ లేదు. చట్టం కళ్లకి మాటలు ఒక కృతి, సంగీతం ఇంకో కృతి, రికార్డింగు మూడోది. అందువల్ల ఎవరి వాటా ఎంతో పాట విడుదలకి ముందే ఇద్దరూ కాగితం మీద రాసుకోవాలి. స్నేహితుల మధ్య కాగితమెందుకని అనుకున్న జంటలు విడిపోవడం చూశాను.

వేదిక దగ్గర చిక్కు వేరే రకం. కెఫేలో డ్రమ్ సెట్టుకి చోటుండదు, కాలేజీ ఫెస్టులో ఉన్న బాక్సులు డీజే కోసం కట్టినవి, కింది శబ్దం దడదడలాడుతుంది, నడిమి శబ్దం పలచన. బ్యాకింగ్ ట్రాక్‌లో (ముందే రికార్డు చేసుకుని వేదిక మీద వెనక మోగించే దానిలో) గిటారు కూడా పెట్టేసి పైన మళ్లీ వాయిస్తే రెండూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. కాబట్టి ట్రాక్‌లో డ్రమ్ము, బేస్ మాత్రమే ఉంచుకోవాలి, గిటారు మొత్తం చేతి మీదే రావాలి. గిటారు ఆంప్ చిన్నదైనా సరే, దాన్ని జనం వైపు కాకుండా పక్కకి తిప్పి పెట్టుకుంటే ముందు వరసకి మాట దక్కుతుంది. సౌండ్ వాళ్లని సౌండ్ చెక్‌లో మొదట కిక్ ఎత్తమంటే మాటకి చోటు మిగలదు. మొదట గొంతు పెట్టించుకుని, ప్రతి మాటా చివరి వరస దాకా అర్థమయ్యాక డ్రమ్ము ఎక్కించాలి, మిగిలిన చోటే గిటారుకి.